పోస్టల్ ఓటు ఆన్‌లైన్ ఫారం: చిక్కంతా సంతకం ఫొటో దగ్గరే

బ్రిటన్‌లో పోస్టల్ ఓటుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే సౌకర్యం 2023 అక్టోబరు 31న మొదలైంది. 2022 నాటి ఎలక్షన్స్ యాక్ట్ తెచ్చిన మార్పుల్లో ఇదొకటి. అంతకుముందు ఫారం ప్రింటు తీసి, పెన్నుతో నింపి, సంతకం పెట్టి స్థానిక కౌన్సిల్‌కు చేర్చాల్సి వచ్చేది. గవ్ డాట్ యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైటు సేవలు ఆల్ఫా, బీటా అనే పరీక్ష దశల్లో జనం చేత నింపించి చూశాకే అందరికీ తెరుచుకుంటాయి. ఇలా నింపి చూసే ట్రయల్‌కు పిలుపులు వచ్చేది అప్పుడే. ఫారం పేజీలకు పదికి ఎనిమిది మార్కులు వేయొచ్చు. సంతకం అప్‌లోడ్‌కు మాత్రం అయిదు దాటవు.

ముందు ట్రయల్ సంగతి. పిలుపు రాగానే అడగాల్సింది, అది నమూనా ఫారమా, నిజం ఫారమా అని. నమూనా అయితే ఉత్తుత్తి పేరు, ఉత్తుత్తి నంబర్లతో నింపాలి. మీ అసలు నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ) నంబరు, అంటే పన్ను, పెన్షన్ లెక్కలకు ప్రభుత్వం ఇచ్చే నంబరు, అందులో కొట్టకండి. ఎంత శ్రద్ధగా నింపినా మీ పేరు పోస్టల్ ఓటర్ల జాబితాకు ఎక్కదు. కొద్దిమందికే తెరిచే పరిమిత బీటా, అంటే నిజం ఫారం అయితే సబ్మిట్ నొక్కగానే అది కౌన్సిల్‌కు పోతుంది, అదే అసలు దరఖాస్తు. ఈ తేడా పట్టించుకోకపోతే "మొన్ననే పెట్టేశాం కదా" అనుకుంటూ గడువు దాటబెట్టుకుంటారు. ఇంకో మాట. ఎదురుగా కూర్చున్నవాళ్లు అడిగితే మొహమాటానికి "బాగుందండీ" అనేయడం మనకు అలవాటు. ఏ మాట రెండుసార్లు చదవాల్సి వచ్చిందో, ఎక్కడ వేలు ఆగిందో పైకి చెబితేనే ట్రయల్‌కు విలువ.

ఓటర్ల జాబితాలో ముందే పేరుండాలి. ఇండియా పౌరులు కామన్వెల్త్ పౌరుల కిందికి వస్తారు కాబట్టి, బ్రిటన్‌లో ఉండడానికి అనుమతి ఉంటే నమోదు చేసుకోవచ్చు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయొచ్చు. కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. పోస్టల్ ఓటు ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదు. ఉత్తర ఐర్లాండ్ పద్ధతి వేరు, అక్కడ కారణం చూపాలి, ఈ ఫారమూ పనికిరాదు. సేవ మొదలైనప్పుడు స్కాట్లాండ్, వేల్స్ సొంత చట్టసభల ఎన్నికలకూ అక్కడి స్థానిక ఎన్నికలకూ కాగితం ఫారమే ఉండేది.

ఒక్క ఎన్నికకా, కొంతకాలానికా అని ఫారం అడుగుతుంది. ఎంత కాలమన్నా మూడేళ్లకు మించి ఇవ్వరు. తర్వాత పుట్టినతేదీ, ఎన్ఐ నంబరు, చిరునామా. చిరునామా ఓటర్ల జాబితాలో ఎలా ఉందో అలాగే ఉండాలి. నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఇళ్లలో ఫ్లాట్ నంబరు దగ్గర తేడా పడుతుంది, చూసుకోండి. ఓటు కాగితాలుండే ప్యాక్ వేరే చోటికి పంపమంటే మాత్రం ఎందుకో రాయాలి.

పేరు దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో కూరి ఉంటుంది. ఫారంలోని పేరు, పుట్టినతేదీ, ఎన్ఐ నంబరు మూడూ ప్రభుత్వ పెన్షన్ల శాఖ రికార్డుతో సరిచూస్తారు. అక్కడ కుదరకపోతే దరఖాస్తును తోసిపారేయరు గానీ, పాస్‌పోర్టు లాంటి రుజువు పంపమని కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తుంది, రోజులు గడుస్తాయి. ఓటరుగా నమోదైనప్పుడు ఏ వరుసలో రాస్తే ఆమోదించారో అదే వరుసలో రాయండి, ఎందుకంటే అప్పుడు సరిచూసిందీ ఆ రికార్డుతోనే. ఎన్ఐ నంబరే లేనివాళ్లకూ ఇదే రుజువుల దారి.

ఇక సంతకం. తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో చేతిరాత సంతకం పెట్టి, దాని ఫొటో ఎక్కించాలి. చెడేదల్లా ఇక్కడే. గీతల నోటుబుక్కు కాగితం వాడితే గీతలు సంతకంలో కలిసిపోతాయి. దీపం కింద నిలబడి తీస్తే ఫోను నీడ కాగితం మీద పడి సగం అక్షరాలు బూడిదరంగుకు తిరుగుతాయి. ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లమచ్చ. కాగితాన్ని కిటికీ పక్కన బల్ల మీద పరిచి, పగటి వెలుతురులో, ఫ్లాష్ ఆపేసి, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. సంతకం చుట్టూ వేలెడు ఖాళీ మిగిలేలా కత్తిరిస్తే చాలు. ఫొటో దిగినంత మాత్రాన సరిపోయిందని ఈ పేజీలో ధీమా పడొద్దు. పెద్దది చేసి కళ్లతో చూసుకుని ముందుకు పోవాలి.

అంతకన్నా ముఖ్యం, ఏ సంతకం పెడుతున్నారన్నది. మనలో చాలామందికి రెండుంటాయి, తెలుగులో ఒకటి, బ్యాంకు కోసం ఇంగ్లీషులో ఇంకొకటి. ఓటు వెనక్కి వచ్చినప్పుడు దానితో వచ్చిన సంతకాన్ని పోల్చి చూసేది ఈ ఫొటోతోనే, కాబట్టి రెండేళ్ల తర్వాత కూడా ఆలోచించకుండా చేయి దానంతట అది పెట్టే సంతకాన్నే ఎంచుకోండి. చేయి వణికే పెద్దవాళ్లకు సంతకం మినహాయింపు అడిగే వీలుంది, బలవంతాన పెట్టించకండి.

సబ్మిట్ అయ్యాక వచ్చే రిఫరెన్సు నంబరు దాచుకోండి. జవాబు రాలేదని మళ్లీ ఇంకోటి పెడితే పని వేగంగా ఏమీ జరగదు, కౌన్సిల్ సిబ్బంది రెండూ తెరిచి చూడాల్సి వస్తుంది.

గడువు పోలింగ్‌కు 11 పనిదినాల ముందు సాయంత్రం 5 గంటలు. 2024 జులై 4 సాధారణ ఎన్నికలకు అది జూన్ 19. ఓటరు నమోదు గడువు దానికి ఒకరోజు ముందే, జూన్ 18న ముగిసింది. చివరిరోజు పెట్టినా చెల్లుతుంది, కానీ ఆ తర్వాత ప్యాక్ అచ్చయి, పోస్టులో వచ్చి, నింపాక తిరిగి పోలింగ్ రాత్రి 10 లోపు చేరాలి. ఆన్‌లైన్ అయింది దరఖాస్తు ఒక్కటే, ఓటు ఇంకా పోస్ట్‌మ్యాన్ సంచిలోనే ఉంది. ఆ ఎన్నికల్లో ప్యాకులు ఆలస్యమై స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో, ఫైఫ్ కౌన్సిళ్లు మారు ప్యాకులు ఇచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ప్యాక్ రాకపోతే ఊరుకోకుండా కౌన్సిల్‌కు ఫోన్ చేయండి, పోలింగ్‌కు నాలుగు పనిదినాల ముందు నుంచి మారు ప్యాక్ ఇస్తారు.

ప్యాక్‌లో బ్యాలెట్ కాగితం ఎ కవరులోకి, ఆ కవరూ, సంతకం, పుట్టినతేదీ వేసే స్టేట్‌మెంట్ కాగితమూ కలిసి బి కవరులోకి పోవాలి. స్టేట్‌మెంట్ మీద పుట్టినతేదీ గడిలో ఆ రోజు తేదీ వేసేయడం పాత పొరపాటే, ఆ ఒక్క గడితో ఓటు పోతుంది. పోస్టు చేసే టైము లేకపోతే పోలింగ్ కేంద్రంలో ఇవ్వొచ్చు. 2024 మే ఎన్నికల నుంచి సొంతది కాక ఇతరులవి అయిదే తీసుకుంటారు, ఇచ్చేటప్పుడు ఒక ఫారం నింపాలి. ఆ ఫారం లేకుండా కౌన్సిల్ ఆఫీసు ఉత్తరాల డబ్బాలో జారవిడిచిన కవరును లెక్కలోకి తీసుకోరు.