మెడినిల్లా కోసం ములుగు దారి పట్టాం

హన్మకొండలో మెడినిల్లా పెంచాలనుకునే వాళ్లకు ముందే చెప్తున్నా: పూత చూసి కొనకండి. ఆ మొక్క మన దగ్గర ఒక్క ఎండాకాలమైనా గట్టెక్కిందా అని అడిగి కొనండి. మొన్న వానలు తగ్గుతున్నప్పుడు నేనూ మా ఆవిడా ఈ మొక్క కోసం ఊళ్లో నర్సరీలు తిరిగి, అట్నుంచి అటే రామప్ప, లక్నవరం చూసొచ్చాం.

మెడినిల్లా పుట్టిల్లు ఫిలిప్పీన్స్ కొండ అడవులు. అక్కడ ఎక్కువగా పెద్ద చెట్ల కొమ్మల పంగల్లో పెరుగుతుంది. అందుకే వేళ్లకు గాలి ఆడాలి, చుట్టూ తేమ ఉండాలి, ఎండ సూటిగా తగలకూడదు. గులాబీ రంగు పూరేకులని మనం అనుకునేవి పూలను కప్పి ఉంచే ఆకులే. అసలు పూలు చిన్నవి, వాటి కింద ద్రాక్షగెలల్లా వేలాడతాయి. 17 నుంచి 25 డిగ్రీల మధ్య ఈ మొక్క హాయిగా ఉంటుంది. మన రోహిణి కార్తె సంగతి తెలిసిందే, 44 దాటే రోజులుంటాయి.

ఊళ్లో నర్సరీల్లో రకాలకు కొదవ లేదు. ఎక్కువ సరుకు కడియం నుంచి లారీల్లో దిగుతుంది. ఒక చోట మెడినిల్లా నిండా పూతతో ఉంది, రెండు వేలకు పైనే చెప్పారు. ఆకు తిప్పి చూస్తే అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన పసుపు చుక్కలు. పొడిగాలికి వచ్చే ఎర్రనల్లి అది. అక్కడి పిల్లాడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు: "మొన్ననే దిగింది సార్, మా దగ్గర ఎండాకాలం చూడలే." ఆ మాటకు వాడి మీద గౌరవం కలిగింది, మొక్క మాత్రం వదిలేశాం.

ములుగు రోడ్డు మీద ఒక చిన్న నర్సరీ నాకు అన్నిటికంటే నచ్చింది. మామిడిచెట్టు కింద, గ్రీన్ నెట్ నీడలో రెండు మెడినిల్లాలు. పూత లేదు. కాండం నాలుగు పలకలుగా గట్టిగా ఉంది, కొసన దళసరి ఆకుల జత కొత్తగా విచ్చుకుంటోంది. కుండీలో మట్టి తక్కువ, కొబ్బరి పీచు ముక్కలూ బొగ్గూ ఎక్కువ. రెండు వేసవులు అక్కడే గడిచాయట. "బోరు నీళ్లు పొయ్యకు బిడ్డా, ఉప్పు పట్టి ఆకు అంచులు మాడుతయి. వాన నీళ్లు పట్టి పెట్టుకో" అంది ఆ పెద్దమ్మ. ధర ఊళ్లో చెప్పినదాంట్లో సగం. కార్డులూ ఫోన్ చెల్లింపులూ లేవు, నగదు పట్టుకెళ్లాలి.

రామప్పకు పొద్దున్నే వెళ్లండి. 1213 నాటి గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక సెలవు రోజుల్లో జనం బాగా పెరిగారు. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అక్కడి నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) నగల మీది చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది. గైడును పెట్టుకుంటే డబ్బు దండగ కాదు.

బసకు నా ఓటు లక్నవరానికే. చెరువు మధ్య దీవుల్లో పర్యాటక సంస్థ కాటేజీలున్నాయి. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. భోజనం మామూలే, కానీ పొద్దుటి గాలికి వేరే రుచి అక్కర్లేదు. దారిలో ఇంకో ప్రైవేటు బసలో ఒక రాత్రి ఉన్నాం. గదికి తీసుకున్న డబ్బుకు వేడినీళ్లు రాలేదు, చెప్పినా పట్టించుకున్న వాళ్లు లేరు. పిల్లలతో వెళ్లేవాళ్లు గీజరు తిప్పి చూశాకే డబ్బు కట్టండి.

పెంపకంలో మనకు కలిసొచ్చేది చలికాలం. పూమొగ్గ కట్టాలంటే మెడినిల్లాకు కొన్ని వారాలు చల్లదనం, తక్కువ నీళ్లు కావాలి. మన డిసెంబరు రాత్రులు పదిహేను, పదహారు డిగ్రీలకు దిగుతాయి కాబట్టి ఆ పని వాతావరణమే చేసిపెడుతుంది. మొగ్గ కాడ కనిపించాక నీళ్లు పెంచాలి, పూత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి. అందుకే కొనడానికి మంచి సమయం దసరా తర్వాత. వేసవికి ముందు నాలుగైదు నెలలు కుదురుకుంటుంది.

తూర్పు వరండా, నీడ, వాన నీళ్లు లేని ఇళ్లకు ముస్సేండా మేలు. అదీ పొదే. తెల్లని పెద్ద రక్షక పత్రాలతో కనిపించే డోనా అరోరా రకం 1915లో ఫిలిప్పీన్స్‌లోని మకిలింగ్ కొండ మీద దొరికింది. మన ఎండను మెడినిల్లా కంటే ఎంతో బాగా ఓర్చుకుంటుంది, ఊళ్లో చాలా నర్సరీల్లో దొరుకుతుంది.

మొక్కను తిరుగు ప్రయాణంలోనే తీసుకోండి. ఎండలో ఆపిన కారులో వదిలితే ఆకులు మాడతాయి, ఏసీ గాలి సూటిగా తగిలితే మొగ్గలు రాలతాయి. వెనక సీటు కింద, తడి గోనెసంచి చుట్టి పెట్టుకోవాలి.