ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్: కూడబలుక్కునే చదువుకు మంచి మందు

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఎం.ఏ.లో చేరే తెలుగు మీడియం పిల్లలకు ముందుగా చేతికివ్వాల్సినవి ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్ అనే ఈ సన్నటి పుస్తకాలే. తేలిక ఇంగ్లిష్‌లో, మెట్లుమెట్లుగా రాసిన కథలివి. మొదటిదైన స్టార్టర్‌లో 250 మూలపదాలు (డిక్షనరీలో విడిగా కనిపించే మాటలు), ఒకటో మెట్టులో 400, రెండులో 700, మూడులో 1000, అలా ఆరో మెట్టుకి 2500. ఈ మెట్ల వరసే వీటి బలం.

మెట్టు ఎంచుకోవడంలోనే చాలామంది పొరబడతారు. పీజీలో రెండో మెట్టేమిటని నామోషీపడి నేరుగా అయిదు పట్టుకుంటారు. వాక్యానికోసారి డిక్షనరీ తీస్తారు, ఆలోపు వాక్యం మొదలే మర్చిపోతారు. నడిమి పేజీ తెరిచి వంద మాటలు లెక్కపెట్టండి. తెలియనివి రెండు మించితే ఒక మెట్టు దిగండి. అందులో చిన్నతనమేమీ లేదు, నిజంగా.

రోజూ 20 నిమిషాలు, పెదవులు కదపకుండా, మనసులో తెలుగు చేసుకోకుండా చదవాలి. తెలియని మాట కింద పెన్సిల్ గీత పెట్టి సాగిపోండి, అర్థం అధ్యాయం అయ్యాకే చూడండి. వారానికోసారి ఫోన్‌లో 5 నిమిషాలు అలారం పెట్టి, చదివిన మాటల్ని అయిదుతో భాగించండి. నిమిషానికి 100 లోపు వస్తే ఇంకా కూడబలుక్కుంటున్నట్టే. 150 దాటాక పై మెట్టు ఎక్కొచ్చు.

వీటి లోటు ఆరో మెట్టు తర్వాత తెలుస్తుంది. ఇంగ్లిష్ దినపత్రిక తడుముకోకుండా చదవడానికి సుమారు 8000 పదకుటుంబాలు (ఒక మాట, దాన్నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలి. ఆ అగాధం దాటడానికి నెలపాటు ఒకే విషయం చదవండి: శేషాచలం ఎర్రచందనం వార్తలో, తిరుమల రద్దీ వార్తలో. సంగతి ముందే తెలుసు, అవే మాటలు మళ్లీ మళ్లీ తగులుతాయి.

అన్నీ కొననక్కర్లేదు. హాస్టల్లో నలుగురు తలా రెండు కొని మార్చుకుంటే సరిపోతుంది.