రెండు డబ్బాల పద్ధతి: కొన్నేళ్ల వాడకం తరువాత

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మా షెడ్డులో నట్లు, బోల్టులు, వాషర్ల నిల్వను కొన్నేళ్లుగా రెండు డబ్బాల పద్ధతిలోనే నడుపుతున్నాను. మొదటి డబ్బా ఖాళీ అయితే ఆర్డరు పెట్టి, సరుకు వచ్చేదాకా రెండో డబ్బా వాడుకోవడమే కనుక పద్ధతిని వివరించవలసినది పెద్దగా లేదు. నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే: ఎవరూ ఏదీ లెక్కపెట్టనక్కరలేదు. స్టాకు రిజిస్టరును ఏనాడూ తెరవని మేస్త్రీలు సైతం ఖాళీ డబ్బా అడుగున ఉన్న కార్డును తెచ్చి నా బల్ల మీద పెడతారు. సరుకును విలువను బట్టి మూడు తరగతులుగా విడదీసే ఏబీసీ విశ్లేషణలో చివరిదైన సి తరగతికి చెందే ఈ చౌక సరుకుకు ఇంతకంటే హాయైన ఏర్పాటు మరొకటి ఉండదని కొత్తలో అందరితోనూ చెప్పేవాడిని.

ఒక సంక్రాంతి ముందు ఆ మాటను కొంత సవరించుకోవలసి వచ్చింది. మాకు బోల్టులు దాదాపు 2,000 కిలోమీటర్ల దూరాన ఉన్న లూధియానా నుంచి వస్తాయి. రోజువారీ వాడకం 200, లీడ్ టైమ్ (ఆర్డరు పెట్టాక సరుకు చేరే వ్యవధి) 10 రోజులు అన్న లెక్కన రెండో డబ్బాలో 2,000 బోల్టులు, వాటిపైన సేఫ్టీ స్టాకుగా (అనుకోని అవసరానికి ఉంచే అదనపు నిల్వగా) మరో 600 ఉండేవి, అంటే 13 రోజులకు సరిపడా. ఉత్తరాదిన కమ్మిన పొగమంచులో లారీలు నెమ్మదించడంతో ఆ విడత సరుకు చేరడానికి 16 రోజులు పట్టింది. సగం కట్టిన బాడీలు షెడ్డులో నిలిచిపోగా, పండుగకు ముందే బండి తీసుకుపోవాలనుకున్న యజమానులకు సమాధానం చెప్పలేక, ఊళ్లోని దుకాణాల్లో అడిగినంత ధర ఇచ్చి బోల్టులు కొన్నాము. డబ్బాలు మాత్రం తమ పని తప్పలేదు. కార్డు సకాలంలోనే నా బల్ల మీదికి వచ్చింది. ఆర్డరు వెళ్లిన తరువాత సరుకు దారిలో ఎక్కడుందో, ఎంత ఆలస్యమవుతుందో చెప్పే ఏర్పాటు ఈ పద్ధతిలో లేదు, ఇప్పటికీ నా ఫిర్యాదు అదే. జపాన్ కార్ల కంపెనీ టయోటాలో ఇంజనీరు తైచీ ఓనో రూపుదిద్దిన కాన్‌బాన్ కార్డులు (సరుకు అయిపోయింది, మళ్లీ కావాలని తెలిపే చీటీలు) దీనికి దగ్గరి చుట్టాలే కానీ, ఆ కంపెనీకి విడిభాగాలు అందించేవారిలో చాలామంది చుట్టుపక్కలే ఉండేవారన్న సంగతిని మరువరాదు.

వాడకంలోని హెచ్చుతగ్గులను మాత్రమే చూసి సేఫ్టీ స్టాకు కడితే చాలదని అప్పుడు బోధపడింది. లీడ్ టైమ్ ప్రామాణిక విచలనం (సగటు నుంచి అటూ ఇటూ ఎంత మారుతుందో చెప్పే కొలత) 3 రోజులైతే, వాడకం రోజూ ఒకే తీరుగా ఉన్నా, నూటికి 95 సార్లు సరుకు కొరత రాదన్న భరోసాకు గణాంకశాస్త్రం చెప్పే గుణకం 1.65ను 200తోనూ 3తోనూ హెచ్చవేయగా 990 బోల్టులు కావాలి. ఆ లెక్క ప్రకారం రెండో డబ్బాను పెద్దది చేశాను. నిజానికి 16 రోజుల జాప్యానికి అదీ పూర్తిగా చాలదు. మిగిలే ఒకటి రెండు రోజుల కొరతను ఊళ్లో కొని తీర్చుకోవడమే చౌక.

బోల్టులకు ఈ పద్ధతినే కొనసాగిస్తున్నాను. పెట్టుబడి ఇరుక్కుపోతుంది కనుక ప్లైవుడ్, అల్యూమినియం షీట్లకు మాత్రం దీన్ని వర్తింపజేయలేదు. సరఫరాదారు అదే ఊళ్లో ఉన్నవారికి చిన్న డబ్బాయే సరిపోవచ్చు. దూరపు సరుకుపై ఆధారపడి, పండుగల ముందు పని ముంచెత్తే నాలాంటివారు చలికాలానికి మరో డబ్బా అదనంగా ఉంచుకోవలసి రావచ్చు.