ఏఐ పెట్టుబడి: ఒక్క కంపెనీ షేరా, థీమ్ ఫండా, సూచీ ఫండా?

కృత్రిమ మేధ (ఏఐ) మీద ప్రపంచ మార్కెట్లలో డబ్బు పెట్టాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల మదుపరి ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: విదేశీ ఖాతా తెరిచి ఏఐ చిప్‌లు రూపొందించే ఎన్విడియా వంటి ఒకటి రెండు కంపెనీల షేర్లు కొనడం, అదే ఖాతాలో ఏఐ కంపెనీలను మాత్రమే ఏర్చి కూర్చిన థీమ్ ఈటీఎఫ్ (ఎక్స్ఛేంజీలో షేరులా కొని అమ్మే ఫండు) కొనడం, లేదా మన దేశపు మ్యూచువల్ ఫండ్ ద్వారా నాస్‌డాక్ 100 (అమెరికా నాస్‌డాక్ ఎక్స్ఛేంజీలోని వంద పెద్ద ఆర్థికేతర కంపెనీల పట్టిక) వంటి సూచీలో రూపాయల్లోనే మదుపు చేయడం. లాభం ఎందులో ఎక్కువో ముందుగా చెప్పగలవారు లేరు గనుక, నష్టం ఎంత లోతుకు పోగలదు, దాన్ని ఏ కుటుంబం ఎంతకాలం భరించగలదు అన్నదాన్ని బట్టే వీటిని తూచాలి.

ఒక్క కంపెనీ దారిలో ఎత్తుపల్లాలు చాలా పెద్దవి. 2021 నవంబరు గరిష్ఠం నుంచి 2022 అక్టోబరు నాటికి ఎన్విడియా షేరు 60 శాతానికి పైగా పడిపోయి, ఆ తరువాత అనేక రెట్లు పెరిగింది. చైనా సంస్థ డీప్‌సీక్ మోడల్ వార్తలతో 2025 జనవరి 27న ఒక్క రోజులోనే 17 శాతం దాకా నష్టపోయి, మళ్లీ కోలుకుంది. ఈ చరిత్ర చూసి, పడినా లేస్తుందిలే అని ధీమా పడేవారు సిస్కోను కూడా చూడాలి. ఇంటర్నెట్ విస్తరణకు కావలసిన పరికరాలు అమ్మిన ఆ కంపెనీ మూతపడలేదు, 2001 ఆర్థిక సంవత్సరంలో తప్ప లాభాలూ పోలేదు. అయినా 2000 మార్చి నాటి షేరు ధరను తిరిగి అందుకోవడానికి 2025 డిసెంబరు దాకా, అంటే పాతికేళ్లకు పైగా పట్టింది. కంపెనీ మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, దానికి మనం చెల్లించిన ధర సరైనదా అన్నది వేరే ప్రశ్న.

థీమ్ ఫండులో పదుల సంఖ్యలో కంపెనీలు ఉంటాయి కనుక రిస్కు చెదిరిపోయినట్లు కనిపిస్తుంది. అయితే ఎన్విడియా చిప్‌లను పెద్దఎత్తున కొనేది మైక్రోసాఫ్ట్, అమెజాన్, మెటా, ఆల్ఫాబెట్ వంటి సంస్థలే; ఆ చిప్‌లలో అత్యధికం తయారయ్యేది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీలో; ఆ తయారీకి కావలసిన అత్యాధునిక ఈయూవీ లితోగ్రఫీ యంత్రాలు (చిప్‌పై అతి సన్నని గీతలు ముద్రించేవి) చేసేది నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే. డేటా సెంటర్లపై ఖర్చు తగ్గించుకోవాలని ఆ కొనుగోలుదారులు నిర్ణయిస్తే వరుస మొత్తం కదులుతుంది. ఒకే కాలువ నీటితో నిండే పది రొయ్యల గుంటలు ఉన్నంత మాత్రాన తెల్లమచ్చ వైరస్ నుంచి రక్షణ ఉన్నట్లు కాదని మన తీరప్రాంత రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పైగా థీమ్ ఫండులో నిర్వహణ రుసుము సాధారణ సూచీ ఫండు కంటే ఎక్కువ. ఈ మూడింటిలో నాకు అన్నిటికన్నా తక్కువ నచ్చేది ఇదే.

నాస్‌డాక్ 100లో ఏఐ బరువు ఎక్కువైనా కాస్ట్‌కో, పెప్సికో వంటివి కూడా ఉన్నాయి; వెనుకబడిన కంపెనీ బయటకు పోయి, ఎదిగినది లోపలికి వస్తుంది. విజేతను మనం ముందే గుర్తించవలసిన పని లేకపోవడమే దీని అసలు బలం. అయినా ఇదీ మెత్తని పరుపేమీ కాదు: 2022లో ఈ సూచీ డాలర్లలో దాదాపు మూడోవంతు తగ్గింది, అదే ఏడాది రూపాయి కూడా బలహీనపడటంతో మన లెక్కలో నష్టం పావు వంతు దగ్గర ఆగింది. అంతకుముందు 2000–2002 మధ్య నాస్‌డాక్ కాంపోజిట్ సూచీ 78 శాతం పడి, పాత స్థాయిని చేరడానికి 2015 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక డబ్బు పంపే మార్గం. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా చేతిలో ఆడదు. విదేశీ ఆస్తులను రిటర్నులో ప్రత్యేకంగా చూపాలి. చాలామంది పట్టించుకోనిది మరొకటి ఉంది: అమెరికా పౌరుడు కాని, అక్కడ నివసించని వ్యక్తి మరణిస్తే, 60,000 డాలర్లు దాటిన అమెరికా షేర్లపై అక్కడి ఎస్టేట్ పన్ను 40 శాతం దాకా పడవచ్చు. దేశీయ ఫండులో ఈ తలనొప్పులు లేవు. దాని లోపం వేరు. విదేశీ పెట్టుబడులకు ఫండ్ పరిశ్రమ మొత్తానికి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉండటంతో 2022 ఫిబ్రవరిలో అనేక పథకాలు కొత్త డబ్బు తీసుకోవడం ఆపాయి. అటువంటి సమయాల్లో ఎక్స్ఛేంజీలో ఈటీఎఫ్ ధర దాని ఎన్‌ఏవీ (ఫండులోని ఆస్తుల అసలు విలువ) కంటే బాగా పైన నడుస్తుంది; ఆ తేడా చూడకుండా కొంటే మొదటి రోజే నష్టంతో మొదలుపెట్టినట్లు.

వీటన్నిటి మధ్య ఎంపిక కుటుంబ ఆదాయాన్ని బట్టి మారాలని నా అభిప్రాయం. రొయ్యల సాగు మీద బతికే ఇంటి రాబడి ఇప్పటికే అమెరికా మార్కెట్‌తో ముడిపడి ఉంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ దెబ్బ రొయ్యల ఎగుమతులపై పడింది. అదే ఇంట్లో అమ్మాయో అబ్బాయో అక్కడి టెక్ కంపెనీలో పనిచేస్తూ జీతంలో భాగంగా షేర్లు పొందుతుంటే, తల్లిదండ్రులు మళ్లీ ఏఐ షేర్లు కొనడం ఒకే వైపు బరువు పెంచడమే అవుతుంది. అటువంటివారికి సూచీ ఫండు కూడా మొత్తం పొదుపులో పదోవంతు మించకపోవడం మంచిది. రాబడికి ఇటువంటి ముడి లేని ఒంగోలు ఉద్యోగి కొంచెం ఎక్కువే పెట్టవచ్చు. ఒక్క కంపెనీ షేరు కొనాలన్న కోరిక బలంగా ఉంటే, పూర్తిగా పోయినా ఇంటి లెక్క తప్పనంత చిన్న మొత్తంతో కొనాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో మాత్రం మూడింటిలో ఏదీ ముట్టకూడదు, ఎందుకంటే ఏడాదికి 24 శాతం వడ్డీని ఏ సూచీ ఏటా పూడ్చలేదు.

నెలజీతం లేని రైతుకు నెలనెలా కొంత మొత్తం ఫండులో వేసే సిప్ పద్ధతి సరిగా పొసగదు. పొగాకు వేలం డబ్బు గానీ రొయ్యల పట్టుబడి డబ్బు గానీ ఒక్కసారిగా చేతికి వస్తుంది కాబట్టి, దాన్ని ముందు లిక్విడ్ ఫండులో (స్వల్పకాలిక రుణపత్రాల్లో మదుపు చేసే ఫండు) ఉంచి, అదే ఫండ్ సంస్థకు చెందిన సూచీ పథకంలోకి ఏడాది పాటు నెలనెలా మళ్లించే ఎస్‌టీపీ (క్రమబద్ధ బదిలీ) ఏర్పాటు చేసుకోవచ్చు. తదుపరి పంట పెట్టుబడికి కావలసిన మొత్తాన్ని మాత్రం ఆ మళ్లింపు మొదలుకాక ముందే పక్కకు తీసి బ్యాంకులో ఉంచుకోవాలి.