మార్టిని హెన్రీ: పొట్టి లివర్‌తో ఏడేళ్లు, పొడుగు లివర్‌తో రెండేళ్లు

నా దగ్గర ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం వాడిన మార్టిని హెన్రీ రైఫిళ్లు రెండు ఉన్నాయి, ఒకటి మార్క్ 2, ఇంకొకటి మార్క్ 4. రెండూ ఒకే తూటా కాలుస్తాయి. పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు తేడా తెలియదు. తేడా ట్రిగ్గర్ వెనక ఉన్న లివర్‌లో ఉంది. మార్క్ 2ది పొట్టి, మార్క్ 4ది పొడుగు. నేను కొనేటప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

మార్క్ 2 కొని తొమ్మిదేళ్లయింది. 2003లో కాఠ్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారం నుంచి బయటపడి అమెరికాకు వచ్చిన పాత ఆయుధాల్లో అదొకటి. గట్టిపడిపోయిన గ్రీజు వదలగొట్టడానికి గ్యారేజీలో మూడు వారాంతాలు పట్టింది. ఆ మడ్డి కింద నుంచి కిరీటం గుర్తు, వి.ఆర్. (విక్టోరియా రాణి ముద్ర), తయారైన కర్మాగారం పేరు ఎన్‌ఫీల్డ్, 1881 ఒక్కొక్కటే పైకి తేలుతుంటే భోజనానికి పిలిచినా లేవలేకపోయాను.

ఆ తర్వాత ఏడేళ్లు నేను కనిపించిన వాళ్లందరికీ దీని లివర్ గురించే చెప్పాను. లివర్ కిందికి లాగగానే బ్యారెల్ వెనక మూసి ఉంచే ఇనుప బ్లాక్ ముందుభాగం దిగి, తూటా కూర్చునే ఛాంబర్ తెరుచుకుంటుంది, పేలిన తూటా ఖాళీ కేసు (ఇత్తడి తొడుగు) వెనక్కి ఎగిరి పడుతుంది, లోపలి స్ప్రింగ్ కూడా అదే ఊపులో బిగుస్తుంది. కొత్త తూటా తోసి లివర్ మూస్తే చాలు. బయట హ్యామర్ అంటూ లేదు. కుడిపక్కన నీటిబొట్టు ఆకారంలో ఉన్న చిన్న ముల్లు తిరిగి ఉంటే తుపాకి బిగిసి ఉన్నట్టు. ఇంతకు ముందు బ్రిటిష్ సైన్యం వాడిన స్నైడర్‌లో హ్యామర్ ఎత్తాలి, మూత పక్కకు తెరవాలి, వెనక్కి లాగాలి, తుపాకి తిప్పి కేసు కింద పడెయ్యాలి. అది చూసిన చేత్తో ఇది పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. ‘అసలు ఇరుక్కోదు’ అని కూడా చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నేను ఎప్పుడూ చలికాలంలోనే, ఒక్కసారికి ఐదారు తూటాలు మాత్రమే కాల్చాను కాబట్టి ఇరుక్కోలేదంతే.

రెండేళ్ల కిందట ఆగస్టులో మా మామయ్యగారు టెక్సస్ వచ్చారు. ఆయన రిజర్వ్ పోలీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. పోలీసు తుపాకులు త్రీనాట్‌త్రీ, 410 మస్కెట్ రెండూ వాడిన మనిషి. చూపించాలని సరదాపడి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాను. మంచి ఎండ, పొడి గాలి. తొమ్మిదో తూటా పేలాక లివర్ సగంలో ఆగిపోయింది. బ్యారెల్ ముట్టుకోలేనంత కాలుతోంది. బలంగా లాగితే ఏదో చిన్నగా చిరిగిన చప్పుడు వచ్చింది కానీ కేసు కదల్లేదు. కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ దాని అంచును చీల్చేసింది. రేంజ్ ఆఫీసర్‌కి చెప్పి కాల్పులు ఆపించాం. లోపలున్నది ఖాళీ కేసే అని ఖాయం చేసుకున్నాక, మూతి వైపు నుంచి కడ్డీ దించి తడుతూ కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది.

మామయ్యగారు అంతసేపూ పక్కన నిలబడి చూశారు. చివరికి ఒక్కటే అన్నారు: “గునపం పొట్టిదైతే రాయి లేవదు బాబూ. ఈ పిడి ఇంకో నాలుగు వేళ్లు పొడుగుండాల్సింది.”

ఆయన మార్టిని హెన్రీని చూడటం అదే మొదటిసారి. కానీ బ్రిటిష్ వాళ్లు చివరికి చేసింది కూడా అదే. 1885 జనవరి 17న సూడాన్‌లో అబూ క్లియా దగ్గర జరిగిన యుద్ధంలో ఈ రైఫిళ్లు ఇరుక్కుపోయాయని పెద్ద గొడవైంది. అప్పటి తూటా కేసు పలచటి ఇత్తడి రేకును చుట్టి చేసింది, సులువుగా సొట్టపోయేది. దానికి బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) మసి, వేడి, ఇసుక తోడయ్యాయి. ఎదురుగా శత్రువు మీదికొస్తుంటే సిపాయి చేతిలో లివర్ కదలదు. నాకు రేంజ్‌లో నలభై నిమిషాలు దొరికాయి, వాళ్లకు నలభై సెకన్లు కూడా దొరికి ఉండవు. ఆ రోజు ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచించాను. తర్వాత సైన్యం గట్టి ఇత్తడి కేసులకు మారింది. 1887లో ఆమోదించిన మార్క్ 4కి లివర్ పొడుగు పెంచారు.

ఇంటికొచ్చి ఛాంబర్‌లో లైటు వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. లోపల ఒకవైపు తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలు. పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి వాటిని కరుచుకుంటోంది. అమ్మినాయన ‘బ్యారెల్ బాగుంది’ అన్నాడు. బ్యారెల్ బాగానే ఉంది, ఛాంబర్ గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అదే ఏడాది మార్క్ 4 తీసుకున్నాను. మరుసటి వేసవిలో అదే రేంజ్‌లో అదే ఎండలో పదిహేను కాల్చాను. పన్నెండో తూటా దగ్గర లివర్ బిగుసుకున్నట్టు అనిపించింది, కొంచెం గట్టిగా నొక్కగానే టక్కుమని కేసు ఊడొచ్చింది. ఆ టక్కు వినడానికే నేను ఇప్పుడు రేంజ్‌కి వెళ్తున్నాను. అయితే దీని ఛాంబర్ నున్నగా ఉంది. కాబట్టి గొప్పంతా లివర్‌దే అనలేను.

దీంతో ఇబ్బందులూ ఉన్నాయి. బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కాలిస్తే పొడుగు లివర్ కొస బల్లకు తగులుతుంది, ప్రతిసారీ తుపాకి పక్కకు వంచాలి. పడుకుని కాల్చేటప్పుడు ఇంకా కష్టం. చూడ్డానికి కూడా మార్క్ 2 నడుము అందమే వేరు. మార్క్ 4 వెనక కర్ర మీద మాత్రం గ్రీజు తీశాక దేవనాగరి అంకెలు కనిపించాయి. విక్టోరియా రాణి ముద్ర ఒక చోట, ఎనిమిదో తరగతి హిందీ పుస్తకంలో నేర్చుకున్న అంకెలు ఇంకో చోట. ఎంతసేపు చూశానో.

ఏది కొనాలని అడిగితే, కాల్చే ఉద్దేశం ఉంటే మార్క్ 4 అంటాను. గోడకు పెట్టుకోవడానికైతే మార్క్ 2. నాకు గంట దూరంలో బ్లాక్ పౌడర్‌ను అనుమతించే రేంజ్ ఉంది, కేసులు తయారుచేసుకునే ఓపిక ఉంది, భుజం ఇంకా ఆ తన్నుడు తట్టుకుంటోంది. ఇవి లేనివాళ్లకు నా లెక్క సరిపోకపోవచ్చు. 1898 వరకు తయారైనవి ఇక్కడి ఫెడరల్ చట్టంలో యాంటిక్ కిందికి వస్తాయి కానీ మీ రాష్ట్రం రూల్ మీరు చూసుకోండి. ఇండియాలో చట్టం పూర్తిగా వేరు, అక్కడివాళ్లు దీన్ని చూసి ముందుకెళ్లొద్దు.

మార్క్ 2ను అమ్మలేదు. చలికాలంలో ఐదు తూటాలకు బయటికి తీస్తాను, మూడింటికొకసారి ఛాంబర్ తడిగుడ్డతో తుడుస్తాను. ఈ సంక్రాంతికి మామయ్యగారు మళ్లీ వస్తున్నారు. మార్క్ 4 లివర్ ఆయన చేతికిచ్చి చూడాలి.