తూర్పు కనుమల్లో ముందు ఏం పరిశోధించాలి: కొత్త జాతులా, పులులా, పాత ప్లాట్లా?

బోటనీలోనో జువాలజీలోనో పీజీ ముగించి పీహెచ్‌డీ వైపు చూస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "సార్, నల్లమలలోనో శేషాచలంలోనో పని చేయాలని ఉంది, ఏ టాపిక్ మేలు?" ఈ మధ్య ఒక చిన్న సంస్థ కోసం పరిశోధన ప్రతిపాదనలు చదివి మార్కులు వేయాల్సి వచ్చింది. అక్కడా చర్చంతా ఇదే. ఉన్న కాస్త డబ్బు దేనికి ముందు పెట్టాలి? విడివిడిగా జవాబులు చెప్పే బదులు నా లెక్క ఏమిటో ఇక్కడ రాసేస్తున్నాను.

డబ్బు "కాస్త" ఎందుకంటే, తూర్పు కనుమలకి పశ్చిమ కనుమల పేరు లేదు. నార్మన్ మయర్స్ బృందం 2000లో ప్రకటించిన 25 జీవవైవిధ్య హాట్‌స్పాట్లలో పశ్చిమ కనుమలు శ్రీలంకతో కలిసి చేరాయి. హాట్‌స్పాట్ అనిపించుకోవాలంటే అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని మొక్కలు కనీసం 1,500 జాతులు ఉండాలి, అసలు అడవిలో 70 శాతమైనా పోయి ఉండాలి. మహానది నుంచి తమిళనాడు దాకా తెగిపోయిన దండలా పరుచుకున్న మన కొండలకి ఆ ముద్ర పడలేదు. పశ్చిమ కనుమలకి 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చాక ప్రాజెక్టులు అటే మళ్లాయి. నిధులు తక్కువైన చోట వరస తప్పితే నష్టం ఎక్కువ.

మొదట, అందరికీ ఇష్టమైన కొత్త జాతుల సర్వే. దీని పక్షాన చెప్పాల్సింది చాలానే ఉంది. మన కొండల్లో సరిగ్గా వెతకని మూలలు ఇంకా ఉన్నాయి. బ్రిటిష్ కాలపు ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1877లో ఒడిశాలోని జయపురం కొండల నుంచి వర్ణించిన ఒక నేలబల్లి నూట ముప్ఫై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. చివరికి ఒడిశాలోనే దేవమాలిలో, మన అరకు దగ్గరి గాలికొండలో దొరికింది. సాలీళ్లు, నత్తలు, లైకెన్లు, మట్టిలో బతికే జీవుల సంగతైతే చెప్పనక్కర్లేదు. పేరు కూడా లేని జీవిని కాపాడమని ఎవరిని అడుగుతాం?

కానీ పేరు పెట్టడంతో పని మొదలవుతుందే గాని అయిపోదు. గుత్తి సాలీడు కథ చూడండి. నీలం రంగులో మెరిసే ఈ పెద్ద సాలీడుని బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ 1899లో వర్ణించాడు. నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. బహుశా కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని తేలింది 2001లో. ఆ తర్వాత దాని భవిష్యత్తుని ఎక్కువగా శాసించింది విదేశాల్లో సాలీళ్లు పెంచుకునేవాళ్ల మోజు. అంత చిన్న చోట బతికే జీవి ఎక్కడ దొరుకుతుందో జీపీఎస్ అంకెలతో సహా అచ్చేస్తే మొదట చదివేది అటవీ అధికారి కాదు. కొత్త జాతుల మీద పనిచేసే పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. జిల్లా పేరు చాలు, వాగు పేరు అక్కర్లేదు.

రెండోది పులి. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా లెక్క జరుగుతోంది. 2018 విడతలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651. ఈ పని మంచిదా కాదా అన్న వాదన నాకు లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యానికి బేస్ క్యాంపులు, వాచర్లు, జీపులు దక్కాయంటే పులి పేరు చెప్పే. అయితే దానికి యంత్రాంగం ఉంది, నిధులు ఉన్నాయి, కచ్చితమైన పద్ధతి ఉంది. ఒక విద్యార్థి వెళ్లి కొత్తగా చేర్చేది తక్కువ. అయినా కెమెరాలే కావాలనిపిస్తే, పులి లేని ఆ కోట్ల ఫొటోల్లో దుప్పి ఎక్కడ పడింది, పశువులు ఎక్కడ పడ్డాయి, మనుషులు ఎప్పుడు తిరిగారు అన్నది చూడండి. అనుమతి తెచ్చుకోగలిగితే చక్కటి టాపిక్. అంతకు మించి పులి చెప్పలేదు. తెల్లకరక చెట్టు గింజ మొలిచిందో లేదో దానికేం తెలుసు?

ఉపగ్రహ పటాల గురించి క్లుప్తంగా. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు కలిపి చూసి, తూర్పు కనుమల్లో అడవి 1920లో 43 శాతం ఉంటే 2015 నాటికి 27 శాతం దగ్గరికి వచ్చిందని తేల్చారు. విధాన నిర్ణయాలు చేసేవాళ్ల ముందు పెట్టడానికి ఇంతకంటే బలమైన అంకె మన దగ్గర లేదు. కానీ పై నుంచి పచ్చగా కనిపించే చోట పిల్లమొక్కలు ఉన్నాయో లేదో, ఆ పచ్చదనం చెట్లదో పొదలా అల్లుకున్న లంటానా కలుపుదో తేల్చాలంటే నేల మీదికి దిగాల్సిందే. డీఎన్‌ఏ ముక్కని బట్టి జాతిని గుర్తించే బార్‌కోడింగ్, అడవిలో వదిలేసే సౌండ్ రికార్డర్లు కూడా ఈ మధ్య బాగా అడుగుతున్నారు. అవి పనిముట్లు. ప్రశ్న ఉంటే పనికొస్తాయి.

ఇక నేను ఎక్కువ మార్కులు వేసేది దేనికంటే, ఒకే చోటికి, అంటే అడవిలో హద్దు గుర్తు పెట్టుకున్న చిన్న ముక్కకి (దాన్నే ప్లాటు అంటాం), మళ్లీ మళ్లీ వెళ్లి కొలిచే పనికి. ఇందులో పెద్ద ఆకర్షణేమీ ఉండదు. పేపర్‌లో ఫొటో రాదు. అయినా నా దృష్టిలో అసలు తేడా తెచ్చేది ఇదే. అడవి గురించి నిర్ణయం తీసుకునేవాడికి "ఇక్కడ ఏముంది" కంటే "ఇక్కడ ఏం మారుతోంది, ఎందువల్ల" అన్నది కావాలి. రెండో జవాబు ఒక్కసారి వెళ్లి వస్తే దొరకదు.

రాబందుల సంగతి తీసుకోండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో పక్షి పరిశోధకుడు విభు ప్రకాశ్ 1980ల్లో వాటి గూళ్లు లెక్కపెట్టాడు కాబట్టి 1990ల్లో మళ్లీ లెక్కపెట్టినప్పుడు పతనం బయటపడింది. పాత లెక్క లేకపోతే "ఈ మధ్య తగ్గినట్టున్నాయి" అనే దగ్గరే ఆగిపోయేవాళ్లం. ఆ తర్వాత పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాకే కారణమని 2004లో తేలింది, 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

మన కలివి కోడి కథ దీనికి తిరగేసి ఉంటుంది. 1848లో శాస్త్రానికి తెలిసిన పిట్ట, 1900 తర్వాత లేనేలేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ మళ్లీ దొరికించాడు. స్థానికంగా పిట్టలు పట్టేవాళ్ల సాయం లేకపోతే అది జరిగేది కాదు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. దీని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. అంటే జాతి తెలుసు, చోటు తెలుసు, చట్టం ఉంది, డబ్బూ కొంత ఉంది. రాత్రిపూట తిరిగే ఈ పిట్టని చూడక్కర్లేకుండా కనిపెట్టే ఉపాయాలు మాత్రం 2000 తర్వాతే వచ్చాయి: మెత్తటి మట్టి పట్టీ పరిచి పొద్దున్నే అడుగులు చూడటం, దాని కూత రికార్డు చేసి తిరిగి వినిపించడం. మరీ చిక్కగానూ మరీ పలచగానూ లేని పొదలే దానికి కావాలని అప్పుడే తెలిసింది. తర్వాత ఆ దశకం చివరికి జాడలు ఆగిపోయాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ధ్రువపడిన కబురు రాలేదు. ఎందుకని అడిగితే గట్టి జవాబు లేదు. పొదలు చిక్కబడ్డాయా, కొట్టేశారా, మేత ఎక్కువైందా తక్కువైందా చెప్పడానికి, అదే పొదల్ని ఏటా కొలిచిన వరస లెక్క ఉంటే ఎంత బాగుండేది!

చెట్లకీ ఇదే వర్తిస్తుంది. ఎర్రచందనం అనగానే అందరికీ స్మగ్లింగే గుర్తొస్తుంది. కొండ మీద ఇంకో సమస్య నిశ్శబ్దంగా నడుస్తుంటుంది. ఈ ఎండు అడవుల్లో మొలకలు వానాకాలంలో లేస్తాయి, ఎండలకీ నిప్పుకీ పైభాగం చచ్చిపోతుంది, వేరు బతికుంటే మళ్లీ చిగురిస్తుంది. ఇలా ఏళ్లకేళ్లు సాగుతుంది. సెప్టెంబరులో వెళ్లిన విద్యార్థి "పునరుత్పత్తి బ్రహ్మాండంగా ఉంది" అని రాస్తాడు. ఏప్రిల్‌లో బోదగడ్డి కాలిపోయాక వెళ్లినవాడు "అసలు లేదు" అని రాస్తాడు. ఇద్దరూ చూసిందే రాశారు. మొక్కకి నంబరు బిళ్ల కట్టి, అదే మొక్క దగ్గరికి మళ్లీ వెళ్తేనే, నిప్పు ఎన్నేళ్లు రాకపోతే అది మంటకి అందని ఎత్తుకి ఎదుగుతుందో చెప్పగలం. నిప్పు పాకకుండా గడ్డి తీసేసే ఫైర్ లైన్లు ఎక్కడ తీయాలి, ఏ బీటులో మేత ఎన్నాళ్లు ఆపాలి అన్నవి ఆ జవాబు మీదే ఆధారపడతాయి. జాలారి, మొగి, కొండ సాంబ్రాణి చెట్లకీ ఇదే ప్రశ్న.

మాదిరి కావాలంటే తమిళనాడులో ముదుమలై ఉంది. భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 1988లో అక్కడ 50 హెక్టార్ల ప్లాటు వేసి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ నంబరిచ్చి ఇప్పటికీ కొలుస్తున్నారు. మనకి అంత పెద్దది అక్కర్లేదు. నల్లమల, శేషాచలం, పాపికొండలు, అరకు కాఫీ తోటల అంచుల్లో తలా కొన్ని చిన్న ప్లాట్లున్నా చాలు.

దీని మీద అభ్యంతరం నాకు తెలుసు, ప్రతిపాదనలు చదివిన గదిలోనూ అదే వచ్చింది: ప్రాజెక్టు మూడేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు, మీరు చెప్పేది ఇరవై ఏళ్ల పని. నిజమే. కానీ సున్నా నుంచే మొదలుపెట్టాలని లేదు. మన విశ్వవిద్యాలయాల్లో మూలన పడి ఉన్న పాత సిద్ధాంత గ్రంథాల్లో ప్లాట్ల వివరాలు ఉంటాయి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు), హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రంలో ఉన్న షీట్ల మీద తేదీ, చోటు రాసి ఉంటాయి. వాటిని పట్టుకుని వెళ్లి మళ్లీ కొలిస్తే మొదటి ఏడాదిలోనే ఇరవై, ముప్ఫై ఏళ్ల మార్పు చేతికొస్తుంది. పాత ప్లాటు సరిగ్గా ఎక్కడుందో దొరక్కపోవడం దీనిలో పెద్ద తలనొప్పి. అందుకే మీరు వేసేవాటికైనా రాళ్లు పాతండి, మ్యాపు థీసిస్‌లోనే కాకుండా అటవీ రేంజ్ ఆఫీసులో కూడా ఇవ్వండి.

మీరు వెళ్లిపోయాక కొలిచేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. చెంచులు, యానాదులు, ఏజెన్సీలో గిరిజనులు ఏటా ఆ కొండ ఎక్కేవాళ్లే. తపసి చెట్టు బంక తీసేవాళ్లకి గాటు ఎంత లోతైతే చెట్టు తట్టుకుంటుంది, ఎన్నాళ్లు విశ్రాంతినివ్వాలి అన్నది సొంత అవసరం. అలాంటి ప్రశ్న ఎంచుకుంటే కొలత ఆగదు. కూలి మాత్రం బడ్జెట్‌లో రాయండి, "స్థానికుల సహకారం" అనే మాట కింద దాచేయకండి.

కాబట్టి నా వరస: పిల్లమొక్కలు, పొదలు, నిప్పు, మేత మీద మళ్లీ మళ్లీ కొలిచే పని ముందు. దాని తర్వాత కొత్త జాతుల సర్వే, అదీ ఎవరూ పట్టించుకోని జీవుల మీద. మీ గైడ్ సాలీళ్లలో నిపుణుడైతే ఈ వరస తిప్పేయండి, నేర్పేవాడు దొరకడం పెద్ద విషయం. పటాలు మూడోది, పులి ఆఖరు. ఏది ఎంచుకున్నా అటవీ శాఖ అనుమతికి ముందే దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చేలోపు ఒక వానాకాలం పోయిందంటే మీ మొదటి లెక్క ఏడాది వెనక్కి వెళ్తుంది.