గడువు తీరిన విండోస్ 7తో ఐదేళ్లు: నా అనుభవం

ఈ సిస్టమ్‌లో నాకు నచ్చింది ఒక్కటే, కానీ అది మామూలుగా నచ్చలేదు. రాత్రి ఎక్కడ వదిలేశానో పొద్దున అక్కడే ఉంటుంది. 2020 జనవరి 14న విండోస్ 7కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, ఆ రోజు నుంచి నా డెస్క్‌టాప్ మీద ఒక్క ఐకాన్ జరగలేదు, ఒక్క మెనూ చోటు మారలేదు, పని మధ్యలో రీస్టార్ట్ చేయమని ఎవరూ అడగలేదు. ఇంత ప్రశాంతంగా నేను ఏ కంప్యూటర్‌నీ వాడలేదు.

దీన్ని ఉంచుకోవడానికి అసలు కారణం నా స్కానర్. పాత ఫిల్మ్ నెగటివ్‌లు స్కాన్ చేసేది, దాని కంపెనీ విండోస్ 7 తర్వాతి వాటికి డ్రైవర్, అంటే స్కానర్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్, ఇవ్వలేదు. వేరే సాఫ్ట్‌వేర్ వేసి కొత్త సిస్టమ్ మీద నడపొచ్చని చాలామంది చెప్పారు, నేనూ చేసి చూశాను. స్కాన్ వచ్చింది గానీ, దుమ్మూ గీతలూ తీసేసే పని మాత్రం పాత డ్రైవర్ చేసినంత శుభ్రంగా జరగలేదు. ఆరు ఫ్రేముల స్ట్రిప్‌ను హోల్డర్‌లో బిగించి మూత వేస్తే, లైటు వేడెక్కాక ప్రివ్యూ పైనుంచి ఒక్కో గీతా దిగుతూ వస్తుంది. ముందు తలలు, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఎవరో ఎత్తుకున్న పసిబిడ్డ. ఒక్క స్ట్రిప్‌కే పావుగంట పడుతుంది, అలాంటిది రోజుకు పదీ పదిహేను స్ట్రిప్‌లు పెట్టుకుని కూర్చునేవాళ్లకి మధ్యలో అప్‌డేట్ పేరుతో మిషన్ ఆగిపోతే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలా మూడేళ్లు హాయిగా గడిచింది. 2023లో హార్డ్ డిస్క్ టక్ టక్ మని శబ్దం చేయడం మొదలుపెట్టి రెండు రోజుల్లో పోయింది. ఫొటోలన్నీ బయటి డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి నేను పెద్దగా కంగారు పడలేదు, ఎస్ఎస్‌డీ వేసి దాచుకున్న సర్వీస్ ప్యాక్ 1 డీవీడీతో మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అరగంటలో అయిపోయింది. స్క్రీన్ మీద రీసైకిల్ బిన్ ఒక్కటే, అక్షరాలు ఇంతింత లావున, గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు. సరే, నెట్ నుంచి దించుకుందామని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 తెరిచాను. ఏ సైటూ తెరుచుకోలేదు. ఆ డీవీడీతో వచ్చే బ్రౌజర్‌లో టీఎల్ఎస్ 1.2 (సైట్లతో రహస్యంగా మాట్లాడే పద్ధతి) ఆపేసి ఉంటుంది, ఇప్పటి సైట్లు దానికంటే పాతవాటిని దాదాపుగా ఒప్పుకోవు. సెట్టింగుల్లోకి వెళ్లి టిక్ పెట్టాక కొన్ని తెరుచుకున్నాయి, తెరుచుకున్నవి కూడా ముక్కలు ముక్కలుగా, బటన్లు నొక్కినా కదలకుండా. కొత్త బ్రౌజర్ కావాలంటే దించుకోవాలి, దించుకోవాలంటే పనిచేసే బ్రౌజర్ ఉండాలి.

పోనీ విండోస్ అప్‌డేట్‌లో పాత ప్యాచ్‌లన్నీ, అంటే లోపాలు సరిచేసే ఫైళ్లన్నీ, ఉంటాయి కదా అనుకున్నాను. మద్దతు ఆగినా, అప్పటిదాకా వచ్చినవి సర్వర్‌లో ఉంటాయనే నా ధైర్యం. పచ్చ గీత అటూ ఇటూ తిరిగీ తిరిగీ చివరికి ఎర్రర్ ఇచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఎర్రరే. కేబుల్ మార్చాను, రౌటర్ ఆపి వేశాను, తేదీ సరిగ్గా ఉందో లేదో చూశాను, మూడో రోజుకి నిజంగా టెన్షన్ పట్టుకుంది. స్కానర్ పక్కన నెగటివ్ డబ్బాలు తెరిచి ఉన్నాయి మరి.

కారణం తర్వాత తెలిసింది. అప్‌డేట్ అసలుదేనని చెప్పే డిజిటల్ సంతకాలు 2019లో ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతి నుంచి ఎస్‌హెచ్‌ఏ-2 అనే కొత్తదానికి మారాయి, 2020లో పాత పద్ధతితో మాట్లాడే సర్వర్ దారులు కూడా మూసేశారు. ఎస్‌హెచ్‌ఏ-1 బలహీనపడింది కాబట్టి ఆ మార్పు అవసరమే, నేను తప్పు పట్టను. కానీ నా డీవీడీ అంతకు ముందుది, దానికి కొత్త సంతకం చదవడం రాదు. వేరే ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ తెరిచి కేబీ4490628, కేబీ4474419 అనే రెండు ఫైళ్లు దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాను. రీస్టార్ట్ చేసి అప్‌డేట్ నొక్కితే, ఈసారి వందకు పైగా లిస్టు వచ్చింది. ఆ లిస్టు చూసినప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఈ రెండు నంబర్లు రాసి పెట్టుకోండి, వీలైతే ఫైళ్లే దాచుకోండి.

2021లో ఒక ఫ్రెండ్ అడిగితే "ఏమీ కాదు, నిశ్చింతగా వాడుకో" అన్నాను. ఇప్పుడైతే ఆ మాట అలా అనలేను. మిషన్ మారలేదన్నది నిజమే, చుట్టూ ఉన్నవి మారిపోయాయి. విండోస్ 7కి క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్ దగ్గర ఆగింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌కి (ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే వెర్షన్) గడువు ఒకటికి రెండుసార్లు పొడిగించారు గానీ దాని మీద ఎంతకాలమని ఆధారపడతాం? కొన్ని సైట్లు తెల్ల పేజీ చూపిస్తాయి, కొత్త ఎమోజీలు డబ్బాల్లా కనిపిస్తాయి. ఇవి చిన్నవి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ మాత్రం చిన్నది కాదు. అది 2017 మే నెలలో వచ్చింది, దానికి ప్యాచ్ మార్చిలోనే ఉంది, విండోస్ 7కి అప్పుడు మద్దతు కూడా ఉంది, అయినా వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఇప్పుడు అలాంటిది వస్తే వేసుకుందామన్నా ప్యాచ్ వస్తుందో రాదో. అందుకే ఎస్ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆపేశాను, మెయిలూ బ్యాంకూ దీంట్లో తెరవను, స్కాన్ అయినవి పెన్‌డ్రైవ్‌లోనే బయటికి వెళ్తాయి, నెట్ కేబుల్ ఎక్కువ రోజులు పీకేసే ఉంటుంది. అంటే నేను మెచ్చుకునే ఆ ప్రశాంతతలో సగం ఈ కేబుల్ పీకేయడం వల్ల వచ్చిందే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 గడువు కూడా తీరింది కాబట్టి చాలామంది ఇదే ఆలోచనలో ఉంటారు. మీ పరిస్థితి నాకంటే నయం, నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. అయినా ఇన్‌స్టాల్ ఫైలు, డ్రైవర్లు, ఇప్పుడు బాగా నడుస్తున్న సిస్టమ్ ఇమేజ్ (సిస్టమ్ మొత్తం నకలు) ఈ వారంలోనే తీసి పెట్టుకోండి. డిస్క్ పోయాక వెతుక్కుంటే దొరికేది నాకు దొరికినట్టు మూడు రోజుల తర్వాతే.

ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అయితే నేను వాడమని చెప్పను. నాకు ల్యాప్‌టాప్ ఇంకోటి ఉంది, దీనికి పని ఒక్కటే. సిస్టమ్ ఇమేజ్ రెండు డ్రైవ్‌లలో దాచాను, అందులో ఒకదాని నుంచి తిరిగి ఎక్కించి కూడా చూసుకున్నాను. నాలుగు డబ్బాల నెగటివ్‌లు ఇంకా మిగిలాయి. అవి అయ్యేదాకా ఇది ఉంటుంది, ఆ తర్వాత సంగతి ఇప్పుడే చెప్పలేను.